మా మోతికి రెండోసారి అక్షరాభ్యాసం

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు తోటివారు ఎంచుకున్న విషయాలు విన్నాను. ఒకరు కృత్రిమ మేధ అన్నారు. ఇంకొకరు గగన్‌యాన్ అన్నారు. ఒక కవిమిత్రుడు యథాప్రకారం వెన్నెల అన్నాడు. నేను రాయబోయేది కుక్క ఒంటేలు గురించి. ముక్కు మూసుకునేవారు పేజీ తిప్పవచ్చును. కుక్కను పెంచుకునేవారు, అందులోనూ అద్దె ఇంట్లో పెంచుకునేవారు మాత్రం కాసేపు ఆగి చదవవలసిందిగా మనవి. బుద్ధిగా బయటికి వెళ్ళే కుక్క ఉన్నట్టుండి ఇల్లు పాడు చేయడం మొదలుపెడితే, దానికి పొగరెక్కిందని కర్ర తీయడం లోకరీతి. కర్ర లేకుండా మా మోతి ఏడు వారాల్లో ఎలా దారికొచ్చిందో చెప్పడమే నా ఉద్దేశం.

మాది వికారాబాద్ దిక్కున వ్యవసాయ కుటుంబం. నాయన కంది, పత్తి, ఇంత జొన్న వేస్తాడు. మా దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, నాలాగే పట్నం చేరింది. పట్నం చేరాక ఆమె రంగు మారిన మాట అందరికీ తెలిసిందే. నా సంగతి పరీక్షాఫలితాలు చెబుతాయి. చదువు కోసం నేను ఉంటున్నది పురానాపూల్‌లో, మా మేనత్త ఇంట్లో. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఇరవై రెండు కమానుల వంతెన పేరే ఆ పేటకు పేరయింది. హైదరాబాదు నగరానికి 1591లో పునాది పడింది కాబట్టి ఊరి కన్నా పూలే పెద్దది. గోల్కొండ నుంచి, కార్వాన్ నుంచి ఏరు దాటి ఇవతలికి రావడానికి అదే తొలి వంతెన.

మామ పోయి నాలుగేళ్ళయింది. ఆ ఏడే వానాకాలంలో, ఆ పూలు పక్కన చలికి వణుకుతున్న కుక్కపిల్ల అత్తమ్మ కంటపడింది. అదే మోతి. జాతి అడిగితే చెప్పడానికేమీ లేదు, అచ్చమైన వీధి జాతి. ఆడది. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. అత్తమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతుంది. ఆమె మిషను తొక్కుతుంటే మోతి ఆమె కాళ్ళ దగ్గరే పడుకుంటుంది. ఒంటరి ఆడమనిషికి తోడేమిటో ఆ గదిలో ఒక పూట కూర్చున్నవారికి తెలుస్తుంది.

మోతి శుభ్రం గురించి గల్లీలో చెప్పుకునేవారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు నాలుగుసార్లు ఏటి ఒడ్డున ఉన్న ఇసుక జాగాకు పోయి పని ముగించుకుని వచ్చేది. నాలుగేళ్ళలో ఇంట్లో ఒక్క చుక్క పడలేదు.

2025 సెప్టెంబరు చివరి వారంలో ఆ క్రమం తప్పింది. పైన కురిసిన వానలకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళొచ్చిన సంగతి పత్రికల్లో చూసే ఉంటారు. 1908 సెప్టెంబరు 28నాటి మహాప్రళయం తర్వాత, అటువంటిది మళ్ళీ రాకూడదని విశ్వేశ్వరయ్యగారి సలహాతో కట్టిన జలాశయాలే ఆ రెండూను. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నీళ్ళు మా గడప దాకా రాలేదు గానీ మూడు రోజులు గల్లీ దాటే వీలు లేకపోయింది. మోతి మొదటి రోజంతా బిగబట్టుకుంది. రెండో రోజు తలుపు దగ్గర నిలబడి మూలిగి మూలిగి, చివరికి మూలనున్న గోనెసంచి మీద పోసింది. పాపం అనుకుని కడిగేశాం.

నీళ్ళు తీశాయి, దారి తెరుచుకుంది. కానీ మోతి మారలేదు. ఏటి ఒడ్డుకు తీసుకుపోతే నాలుగడుగులు వేసి వెనక్కి లాగుతుంది. ఇంటికి రాగానే గోనెసంచి మీదో, చాప మీదో, మిషను కింద పేరుకున్న గుడ్డ పీలికల మీదో కానిస్తుంది. దసరా వెళ్ళిన మూడోనాడు ఒక గిరాకీ ఇచ్చిన పట్టు జాకెట్టు ముక్క మీదే పోసింది. పెళ్ళి జాకెట్టు అది. అత్తమ్మ మాట్లాడకుండా బజారుకు పోయి, వారం సంపాదన పెట్టి, అదే రంగు ముక్క కొనుక్కొచ్చింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. మూతిని అందులోనే రుద్దమని ఒకరు, కారప్పొడి చల్లమని ఒకరు, రెండు పూటలు నీళ్ళు ఆపమని ఇంకొకరు. "జియాగూడ మేకల మండీ కాడ ఇడిచిపెట్టి రా బిడ్డా, ఆడ బొక్కలు తినుకుంట బతుకుతది" అని ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మెట్ల మీద వాసన వస్తోందని ఇంటి ఓనరు పైకొచ్చి తేల్చి చెప్పాడు: "నవంబరు ఆఖరుదాకా చూస్త అమ్మా. గా లోపల కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె."

అత్తమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "దీన్ని ఇడిచిపెట్టుడైతే నాతోని గాదు. కొత్త జాగకు పోతే గిరాకీ దొరకదు. ఏం జేద్దాం రా?" అంది.

ఆ వారమే నాయన కందిపప్పు మూట తీసుకుని వచ్చాడు. మా ఊళ్ళో కుక్క ఇంట్లోకి రావడమే ఉండదు, కళ్ళం దగ్గరో చేను గట్టునో ఉంటుంది. కాబట్టి ఆయనకు ఈ సమస్యే వింతగా తోచింది. అంతా విని, కాసేపు మోతిని చూసి, "అక్కా, ఎద్దు మొండికేసిందనుకో. ముందుగాల గిట్ట చూడాలె. ఎనుక కాడి చూడాలె. గవి రెండు మంచిగుంటెనే ఎద్దును అనాలె" అన్నాడు. రాయి గుచ్చుకున్న ఎద్దు అడుగు వేయదు, కాడి ఒరుసుకున్న ఎద్దు మెడ వంచదు. మా జంతుశాస్త్రం పుస్తకంలో ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు కనబడలేదు. మేము ఆ వరసలోనే పోయాం.

మొదట గిట్ట, అంటే ఒళ్ళు. మోతిని ఆటోలో ఎక్కించి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకుపోయాం. డాక్టరమ్మ వరసగా ప్రశ్నలు వేశారు. నీళ్ళు మునుపటి కన్నా ఎక్కువ తాగుతోందా? మాటిమాటికీ కొంచెం కొంచెంగా పోస్తోందా, ఒకేసారి మడుగు కడుతోందా? నిద్రలో తెలియకుండా కారుతోందా? పోసేటప్పుడు మూలుగుతోందా? ఎర్రగా ఉందా? ఈ ప్రశ్నలు ఊరికే అడిగేవి కావు. ఎక్కువ తాగి ఎక్కువ పోస్తే మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు అనుమానించాలి. నిద్రలో కారితే, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషనైన ఆడకుక్కలో, మూత్రాశయం మూతి బిగువు తగ్గిందేమో చూడాలి. కొంచెం కొంచెంగా, బాధతో పోస్తే మూత్రాశయంలో చీము పట్టిందేమో చూడాలి.

మరునాడు పొద్దుటి మూత్రం తెమ్మన్నారు. కుక్క మూత్రం పట్టడం ఎలాగో మన ల్యాబ్ మాన్యువల్‌లో లేదు. కడిగి ఆరబెట్టిన పొడుగు కాడ గరిటె పట్టుకుని దాని వెనకాలే నడిచి, అది కూర్చోగానే కిందికి జరిపి, సీసాలో పోసుకున్నాను. గల్లీ పిల్లలు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. పరీక్షలో చీము కణాలు, సూక్ష్మజీవులు కనబడ్డాయి. మందు రాశారు. చెప్పినన్ని రోజులూ, మధ్యలో తగ్గినట్టు అనిపించినా ఆపకుండా వేశాం. నీళ్ళు ఆపవద్దని, ఇంకా ఎక్కువ తాగనివ్వమని ఆమె గట్టిగా చెప్పారు. నీళ్ళు ఆపమన్న సలహా పాటించి ఉంటే జబ్బు ముదిరేదన్నమాట.

మందు పూర్తయింది, మాటిమాటికీ పోయడం తగ్గింది. అయినా మోతి గోనెసంచి వదలలేదు. జబ్బు పోయినా అలవాటు మిగిలింది. ఇక నాయన చెప్పిన కాడి సంగతి చూడాలి.

ఏటి ఒడ్డుకు పోయి మోతి ఎక్కడ ఆగి వెనక్కి లాగుతోందో నేను రెండు పూటలు గమనించాను. మునుపు ఇసుక ఉన్న జాగాలో వరద తెచ్చిన నల్ల బురద జానెడు మందాన పేరుకుంది. గాజుముక్కలు, చిరిగిన ప్లాస్టిక్, కుళ్ళు. మోతి ముందుకాలు ఆ బురద మీద ఆనించి, విదిలించి, వెనక్కి తీసుకుంటోంది. కుక్క మనలాగా "మరుగుదొడ్డి" అని గది గుర్తుపెట్టుకోదు. పుట్టిన ఎనిమిది, తొమ్మిది వారాల వయసు నుంచే పాదం కింద నేల ఎలా తగులుతుందో దాన్ని బట్టి చోటు ఎంచుకోవడం దానికి అలవడుతుంది. గడ్డి మీద నేర్చినది గడ్డి వెతుకుతుంది, సిమెంటు మీద నేర్చినది సిమెంటు వెతుకుతుంది. మెత్తగా, తడి పీల్చుకునే ఇసుక మీద నేర్చిన మోతికి ఇసుక పోయింది. ఇంట్లో మెత్తగా, తడి పీల్చుకునేవి గోనె, చాప, గుడ్డ పీలికలు. దాని లెక్కలో అది తప్పు చేయడం లేదు, ఉన్నంతలో సరైన జాగా వెతుక్కుంటోంది.

రెండో గుర్తు వాసన. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో జాతిని బట్టి సుమారు 10 నుంచి 30 కోట్లు. ఒకసారి పోసిన చోట పిసరంత వాసన మిగిలినా "ఇదే జాగా" అని దానికి బోర్డు కట్టినట్టే. కాబట్టి కడగడం అనేది మన ముక్కుకు కాదు, దాని ముక్కుకు సరిపోవాలి. ఇక్కడ రసాయనశాస్త్రం అక్కరకొచ్చింది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. అమ్మోనియా కలిసిన ద్రవంతో తుడిస్తే ఆ వాసనను మనమే పెంచినట్టు. ఫినాయిల్ పైన ఇంకో వాసన కప్పుతుందే తప్ప కిందిది తీయదు. బ్లీచింగ్ పౌడరు మరీ ప్రమాదం, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. వెనిగర్ వాడమని చాలామంది చెబుతారు. కానీ మా ఇంట్లో పరిచినవి తాండూరు బండలు. మా జిల్లా రాయే కాబట్టి నాకు తెలుసు, అది సున్నపురాయి. ఆమ్లం తగిలితే పొంగి, నునుపు పోతుంది. చివరికి ముందు పాతగుడ్డతో తడి పూర్తిగా అద్ది, సబ్బునీళ్ళతో కడిగి, పెంపుడు జంతువుల దుకాణంలో అమ్మే ఎంజైముల ద్రవాన్ని బండల మధ్య సందుల్లో పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచాం. మూత్రం దాక్కునేది బండ మీద కాదు, సందుల్లోని సిమెంటులో. గోనెసంచులు, చాప బయట పడేశాం. గుడ్డ పీలికలకు మూతున్న డబ్బా వచ్చింది.

ఒక్క గోనె ముక్క మాత్రం పడేయలేదు. మా గల్లీ చివర గోడ కట్టిన ఖాళీ జాగా ఒకటుంది. దాని యజమానిని అడిగి, ఒక మూల రెండు తట్టల ఇసుక పోశాం. మోతి తడిపిన గోనె ముక్కను ఆ ఇసుకలో సగం పూడ్చిపెట్టాం. ఇంట్లో ఉన్న బోర్డును పీకి అక్కడ పాతామన్నమాట.

ఇక పాఠం. నాలుగేళ్ళ కుక్కను నాలుగు నెలల పిల్లనుకుని మొదటినుంచీ మొదలుపెట్టాం. నిద్ర లేవగానే, తిన్న తర్వాత, ఆడిన తర్వాత, పడుకోబోయే ముందు, మధ్యలో ప్రతి రెండు మూడు గంటలకు ఒకసారి బయటికి. మోతికి గడియారం తెలియదు గానీ మా పేటలో గడియారం అవసరం లేదు. కింది వాటాలోని ఖాలా ఫజర్ నమాజుకు లేస్తుంది. నమాజు చేసుకునే చోటికి కుక్క రాకూడదు కాబట్టి ఆమె మోతిని ఎప్పుడూ ముట్టుకోదు. కానీ మా అవస్థ చూసి, "మై గేట్ ఖోల్ దేతీ బేటా, తుమ్ నిఖల్ జావ్" అని, రోజూ తెల్లవారకముందే గేటు తాళం తీసి పెట్టేది. అలా మోతి దినచర్యకు ఐదు పూటల అజానే గంట అయింది. ఫజర్‌కు, రాత్రి ఇషాకు నేను. నేను కాలేజీలో ఉన్నప్పుడు మధ్యాహ్నం, అసర్, మగ్రిబ్ వేళలకు అత్తమ్మ.

ఇసుక దగ్గర తాడు పట్టుకుని కదలకుండా నిలబడాలి. మాటలొద్దు, ఆటలొద్దు. అది పని ముగించగానే, అక్కడికక్కడే, ఒకటి రెండు సెకన్ల లోపల ఉడికించిన కోడి లివరు ముక్క నోట్లో పెట్టాలి, "శభాష్ మోతీ" అనాలి. ఇంటికొచ్చాక పెడితే ఇంటికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. పావ్‌లోవ్ గారి కుక్కల కథ మనం చదివిందే. 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీది పరిశోధనకే అయినా, లోకం గుర్తుపెట్టుకున్నది ఆ లాలాజలాన్నే. ముందు గంట, వెంటనే తిండి. మధ్యలో ఆలస్యమైతే ఆ రెంటికీ ముడి పడదు.

ఇంట్లో ఉన్నంతసేపూ మోతి అత్తమ్మ కంటిముందే ఉండాలి. మిషను కాలికి రెండు గజాల తాడు కట్టి ఉంచాం. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం, చేస్తున్న పని వదిలి మూలకు నడవడం గుర్తులు. అప్పుడు అరవకుండా పేరు పెట్టి పిలిచి బయటికి తీసుకుపోవాలి. చూడకముందే అయిపోతే మౌనంగా కడగాలి, అంతే. తర్వాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మనిషి ఎదురుగా పోయడమే నేరమనుకుని, మంచం కింద, బీరువా వెనక చాటు వెతుకుతుంది. బయట మన ముందు పోయడానికి కూడా జంకుతుంది. అప్పుడు నేర్పే దారే మూసుకుపోతుంది.

ప్రాక్టికల్ రికార్డులా ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి వారం ఇంట్లో పదకొండుసార్లు. రెండో వారం దీపావళి. అక్టోబరు 20 రాత్రి పటాకుల మోతకు మోతి మంచం కింద దూరి, ఉన్నచోటే తడిపేసింది. ఆ వారం లెక్క పద్నాలుగు. అత్తమ్మ ధైర్యం జారింది. "ఇగ గాదు రా బిడ్డా" అంది. కానీ భయంతో పోయిన దానికీ అలవాటుతో పోసిన దానికీ తేడా ఉంది. కిటికీలు మూసి, దుప్పటి పరిచి, అత్తమ్మ మిషను తొక్కుతూ కూర్చుంది. రోజూ వినే ఆ చప్పుడుకు అది మెల్లగా తల బయటపెట్టింది. ఆ రాత్రి రెండు గంటల దాకా ఆమె కుట్టిన జాకెట్లు మరునాడు గిరాకీలకు ముందుగానే అందాయి. మూడో వారం ఆరు. నాలుగో వారం మూడు. ఐదో వారం ఒకటి. ఆరు, ఏడు వారాల్లో సున్న. లివరు ముక్కలు మెల్లగా తగ్గించాం, శభాష్ మాత్రం ఉంచాం.

డిసెంబరు ఒకటో తారీఖున ఓనరు వచ్చి మెట్ల మీద నిలబడి రెండుసార్లు గట్టిగా గాలి పీల్చాడు. కిరాయి లెక్కబెట్టుకుని ఏమీ అనకుండా దిగిపోయాడు. అత్తమ్మ తలుపేసి, మోతిని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

ఇది ఒక్క మోతి కథ. మీ ఇంటి కుక్క కారణం వేరు కావచ్చు. మగకుక్క కాలెత్తి గోడలకు, మంచం కోళ్ళకు కొంచెం కొంచెం చల్లితే అది హద్దులు గీయడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో తగ్గుతుంది. మీరు వంగి పలకరించగానే నేలకు అణగి తడిపితే అది వినయం, అలాంటి దాన్ని కసిరితే ఎక్కువవుతుంది. ముసలిదైతే మూత్రపిండాలో, మరుపో కారణం కావచ్చు. ఏదైనా సరే, మొదటి మెట్టు పశువైద్యుడే. విడిచిపెట్టి రావాలనుకునేవారికి ఇంకో మాట. తిండీ నీళ్ళూ దొరకక అల్లాడేలా పెంపుడు జంతువును అకారణంగా వదిలేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మండీ దగ్గర బొక్కలు దొరుకుతాయన్నది అక్కడి కుక్కల గుంపు కొత్తదాన్ని ఏం చేస్తుందో ఎరగనివారి మాట.

మోతి నేటికీ ఏటి ఒడ్డు బురద తొక్కదు. గల్లీ చివరి ఖాళీ జాగాలో వచ్చే ఏడు ఇల్లు కడతారని వింటున్నాం. అప్పుడు మూడోసారి నేర్పాలి. అత్తమ్మ అప్పుడే ఒక తట్ట ఇసుక తెప్పించి, మిద్దె మీద నీడన పోయించింది. మోతి దాన్ని రోజూ ఒకసారి వాసన చూసి వస్తోంది.